గోదావరి వెంట నాందేడ్: ఒక రాత్రి, ఒక పగలు

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగువారికి నాందేడ్ అంటే ఆఫీసు పని, ఆసుపత్రి లేదా పిల్లల అడ్మిషను. పని ముగియగానే సాయంత్రపు రైలుకు తిరిగి వచ్చేస్తాము. బాసర మీదుగా తెలంగాణ వైపుకు ప్రవహించే గోదావరి అంతకుముందు ఆ నగరం పక్కనుంచే వస్తున్నది కనుక, ఒక్క రాత్రి అక్కడ ఆగి నది వెంట తిరిగితే, 1956 దాకా తెలంగాణతో కలిసి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఆ నగరం పూర్తిగా వేరే రూపంలో కనిపిస్తుంది.

సాయంత్రానికి చేరేలా బయలుదేరండి. దిగవలసిన స్టేషను పేరు హజూర్ సాహిబ్ నాందేడ్. బసకు సామాను చేర్చి నేరుగా సిక్కుల మందిరమైన గురుద్వారాకు వెళ్ళండి. సిక్కుల పదవ గురువు గురు గోవింద్ సింగ్ 1708లో ఈ నగరంలోనే దేహం చాలించారు. తన తరువాత సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబే గురువని ప్రకటించినదీ ఇక్కడే. ఇప్పుడున్న మందిరాన్ని మహారాజా రంజిత్ సింగ్ 1832–1837 మధ్య కట్టించారు. ఇది సిక్కుల అత్యున్నత ధర్మపీఠాలైన ఐదు తఖ్త్‌లలో ఒకటి. స్త్రీపురుషులందరూ తలకు గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోవాలి. పొగాకు, బీడీ జేబులో కూడా ఉండకూడదు. సాయంత్రపు దీపాల హారతి తప్పక చూడండి. తరువాత అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో పంక్తిన కూర్చొని, రెండు అరచేతులు చాపి రొట్టె అందుకోవాలి. ఒంటిచేత్తో తీసుకోవడం మర్యాద కాదు. ఎంత తినగలరో అంతే పెట్టించుకోండి.

తెల్లవారకముందే లేవగలిగితే ఇంకొక దృశ్యం ఉంది. చలికాలమైనా వానాకాలమైనా సేవకుడైన ఒక సింగ్ గోదావరికి వెళ్ళి గాగర్ అనే బిందెతో నీళ్ళు తెస్తారు. గర్భాలయాన్ని ఆ నీటితోనే కడుగుతారు. పండుగనాడు గంగ నీళ్ళు తెచ్చి దేవుడికి అభిషేకం చేసే మన ఊళ్ళవారికి దీని అర్థం ఒకరు చెప్పనక్కరలేదు. నగరంలో నాకు అన్నిటికంటే ప్రియమైన ఘట్టం ఇదే.

ఎండ ముదరకముందు ఘాట్లు చూడండి. మాధోదాస్ అనే బైరాగి గురు గోవింద్ సింగ్‌ను కలిసి, సిక్కు యోధుడు బందా సింగ్‌గా మారిన గాథకు బందా ఘాట్ గుర్తు. అక్కడినుంచి మూడు వైపులా నది చుట్టిన పాత ఖిల్లాకు, ఆపైన విష్ణుపురిలోని, సున్నం లేకుండా రాళ్ళు పేర్చి కట్టే హేమాడ్‌పంతి శైలి కాళేశ్వర్ ఆలయానికి ఆటోలో వెళ్ళవచ్చు. రానుపోను కిరాయి ముందే మాట్లాడుకోవడం మేలు. విష్ణుపురి ఆనకట్ట నీరు నిండుగా కనిపించేది వానలు తగ్గిన తరువాతే. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో వెళ్ళవద్దనే నా సలహా.

సాయంత్రం తోటలకు ఉంచుకోండి. పసిపిల్లలకు విసావా ఉద్యానం చాలు. గురుద్వారాకు దగ్గరలోని గోవింద్ బాగ్‌కు మాత్రం చీకటి పడే వేళకు చేరాలి. ఫౌంటెన్ల మీద పదిమంది గురువుల చరిత్రను కాంతులతో చూపే ప్రదర్శన అక్కడి ప్రత్యేకత. ఆ రోజు ప్రదర్శన ఉందో లేదో పొద్దున్నే గేటు దగ్గర అడిగి తెలుసుకోండి.

హోలీ రోజుల్లో వచ్చే సిక్కుల పండుగ హోలా మొహల్లాకు, దసరాకు గుర్రాలతో ఊరేగింపులు జరుగుతాయి. అవి చూడాలనుకునేవారు గురుద్వారా యాత్రికుల వసతి అయిన యాత్రీ నివాస్‌లో గది ముందుగా అడిగి పెట్టుకోవాలి. రెండవ రోజు కూడా చేతిలో ఉంటే, దక్షిణాన ఉన్న కంధార్‌కు బస్సెక్కి, కందకం చుట్టిన కోటను, హాజీ సయ్యా దర్గాను చూసి రండి. గురుద్వారాలో కట్టుకున్న తలగుడ్డనే దర్గాకూ వాడుకోవచ్చు.