పగిలిన ఫెయిరింగ్‌ని అతికించకండి, వెల్డ్ చేయండి

బైక్ పక్కకి ఒరిగితే ఫెయిరింగ్, అంటే బయటి ప్లాస్టిక్ తొడుగు, సాధారణంగా స్క్రూ బిగించే చెవి దగ్గరే చీలుతుంది. సూపర్ గ్లూ అక్కడ నిలవదు. ఆరాక గాజులా పెళుసవుతుంది, ఇంజిన్ అదురుకి విడిపోతుంది.

ముందు ప్యానెల్ లోపలి వైపు చూడండి. ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే ఏబీఎస్ (ABS) అనో పీపీ (PP) అనో అచ్చు ఉంటుంది. పగులులో కరిగించి నింపే ప్లాస్టిక్ రాడ్ కూడా అదే రకం కావాలి. ఏబీఎస్ మీద పీపీ కరిగించినా కలవదు, చల్లారాక గోటితో లాగితే పొరలా లేచొస్తుంది. చెన్నైలో ఉంటే పుదుపేట పాత సామాన్ల కొట్లలో అదే గుర్తున్న విరిగిన ముక్క వెతికి, 3 మి.మీ. పుల్లలుగా కోసుకోవచ్చు.

పగులు ఆగిన చోట 2–3 మి.మీ. బెజ్జం వేయండి. ఇది మానేస్తే వెల్డ్ ఎంత బాగున్నా పగులు ముందుకి పాకుతుంది. రంగు వైపు అల్యూమినియం టేపు వేసి అంచులు సరిచేసి, వెనక నుంచి మందంలో మూడింట రెండొంతుల లోతున వి ఆకారపు గాడి తీయండి. సోల్డరింగ్ ఐరన్‌తో గాడి అంచులూ పుల్లా రెండూ కలిసి కరగాలి. పుల్ల ఒక్కటే కరిగి పైన పేరుకుంటే అది వెల్డ్ కాదు. పొగొచ్చి గోధుమరంగుకి తిరిగిందంటే ప్లాస్టిక్ మాడింది, గీకేసి మళ్లీ చేయండి.

స్క్రూ చెవుల దగ్గర సన్నటి స్టీల్ జాలీ ముక్కని వేడితో లోపలికి దించి, పైన ప్లాస్టిక్ కప్పండి. ఫ్యాన్ పెట్టకుండా తనంతట తానే చల్లారనివ్వాలి. ఏబీఎస్ పొగ మంచిది కాదు, డాబా మీద చేసుకోండి.