రెండు చీటీలు, ఒకటే లివర్: మందుల గొడవను ఎంజైమ్‌తో పట్టుకోవడం ఎలా

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మందుల షాపు నడపడమంటే రెండు రాష్ట్రాల చీటీలు చదవడమే. ఆయాసానికి, గుండెకు బరంపురం వెళ్తారు. జ్వరానికి, మూత్రంలో మంటకు పాతపట్నం. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు తెలీదు. అందుకే నేను రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, ఏ మందును లివర్‌లో ఏ ఎంజైమ్ విరగ్గొడుతుందో ముందు చూస్తాను.

మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం ఉంటుంది కదా, అందులో ఫార్మకోకైనెటిక్స్ (మందు ఒంట్లో ఏమవుతుందో చెప్పే) భాగం వెతకండి. సీవైపీ3ఏ4, 2డీ6, 2సీ9, 2సీ19, 1ఏ2 లాంటి పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ సీవైపీ అనే ఒకే కుటుంబం ఎంజైమ్‌లు. మనం స్ట్రిప్ కత్తిరించి అమ్ముతాం కాబట్టి ఆ కాగితం జనం దాకా పోదు. షాపువాళ్ళే దాచుకోవాలి. పేరు దొరికాక రెండో చీటీలో రెండే చూడండి: ఆ ఎంజైమ్‌ను అడ్డుకునేది ఏదైనా ఉందా, దాన్ని పెంచేది ఏదైనా ఉందా?

మెలియాపుట్టి వైపు నుంచి ఒక మామ్మ వస్తుంది. ఆయాసానికి థియోఫిలిన్ మాత్ర ఎప్పటినుంచో వాడుతోంది. ఈసారి మూత్రంలో మంటకు సిప్రోఫ్లాక్సాసిన్ చీటీ తెచ్చింది. థియోఫిలిన్‌ను విరగ్గొట్టేది 1ఏ2. సిప్రోఫ్లాక్సాసిన్ దాన్నే అడ్డుకుంటుంది. ఆవిడ అడ్డపొగ మనిషి. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు.

“చుట్ట మానీసినావా మామ్మా?”

“మానీసినాను బాబూ, వారమైంది.”

నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. కాలిన పొగ 1ఏ2ను పెంచుతుంది (పొగాకు నమిలితే ఇది జరగదు). చుట్ట మానేస్తే కొద్ది రోజుల్లోనే ఆ పెంపు తగ్గిపోతుంది. పైగా అడ్డుకునే మందు. థియోఫిలిన్ రక్తంలో పేరుకుంటే వాంతులు, గుండెదడ, వణుకు, ముదిరితే ఫిట్స్. డాక్టరుకు ఫోన్ చేస్తే యాంటీబయోటిక్ మార్చారు. మాత్ర ఆపడం, మార్చడం మన పని కాదు, అడగడం మాత్రం మన పనే.

ఇంతకీ థియోఫిలిన్ 1ఏ2దే అని ఎలా తేల్చారు? మనిషి లివర్ ముక్కను నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఈ ఎంజైమ్‌లుండే మైక్రోసోమ్‌లను వేరు చేస్తారు. అందులో మందు, ఎన్‌ఏడీపీహెచ్ (ఈ ఎంజైమ్‌లు పనిచేయడానికి కావాల్సిన పదార్థం) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచి, మందు ఎంత తగ్గిందో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు. ఎన్‌ఏడీపీహెచ్ లేకుండా కూడా ఒకసారి చూస్తారు. అప్పుడూ అంతే తగ్గితే అది సీవైపీల పని కాదు. తర్వాత ఒక్కో ఎంజైమ్‌ను ఆపే రసాయనం విడివిడిగా వేస్తారు: 1ఏ2కు ఫ్యూరాఫిలిన్, 2సీ9కు సల్ఫాఫెనజోల్, 2డీ6కు క్వినిడిన్, 3ఏ4కు కీటోకొనజోల్. ఏ ఫ్యూజు ఏ గదిదో ఒక్కొక్కటీ పీకి చూసినట్టే. ఏ రసాయనం వేస్తే పని ఆగిందో, అది ఆపే ఎంజైమే దొంగ. అక్కడితో నమ్మరు. ఒక్కటే ఎంజైమ్ ఉండేలా ల్యాబ్‌లో తయారుచేసిన దాంతోనూ చూసి, రెండూ కలిస్తేనే పేరు రాస్తారు. మందు ఒంట్లోంచి పోవడంలో ఒక ఎంజైమ్ వాటా 25 శాతం దాటేలా ఉంటే మనుషుల మీద కూడా పరీక్షించాల్సిందే.

కౌంటర్ దగ్గర తరచుగా తగిలేవి ఇంకొన్ని. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళకు ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ వస్తే 2సీ9 ఆగి షుగర్ పడిపోవచ్చు. టీబీ మందు రిఫాంపిసిన్ 3ఏ4ను బాగా పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్ర త్వరగా విరిగిపోయి పనిచేయకపోవచ్చు, ఆడవాళ్ళకు ఈ మాట తప్పకుండా చెప్పాలి. స్టెంట్ వేసినవాళ్ళు వాడే క్లోపిడోగ్రెల్‌ది తిరగేసిన కథ. దాన్ని పనిచేసే మందుగా మార్చేదే 2సీ19. ఒమెప్రజోల్ దాన్ని అడ్డుకుంటుంది, అందుకే గ్యాస్ మాత్ర మార్చాలేమో డాక్టరును అడుగుతాను.

మా కొండల్లో మలేరియా ఎక్కువ. వైవాక్స్ రకం మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ పనిచేయడానికి 2డీ6 కావాలి, పుట్టుకతోనే అది బలహీనంగా ఉన్నవాళ్ళుంటారు. కోర్సు పూర్తిచేసినా జ్వరం తిరగబెడితే, మాత్రలు పారేశారని తిట్టే ముందు, డిప్రెషన్‌కు ఫ్లూక్సెటిన్ లాంటిది వాడుతున్నారేమో అడగండి. అది కూడా 2డీ6ను ఆపుతుంది. ఆ మాట చీటీ వెనక రాసి డాక్టరు దగ్గరకు పంపండి.