ఆలివ్ నూనెలో తులసి: తడే కొంప ముంచింది

అమలాపురంలో వానాకాలం ఏదీ ఓ పట్టాన ఆరదు. అప్పుడే కడిగిన తులసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు సీసాలో వేసి ఆలివ్ నూనె పోశాను. నాలుగో రోజుకి నూనె మసకబారింది, ఆకుల చుట్టూ సన్నటి బుడగలు. అంత ఖరీదైన నూనె పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. కానీ తప్పదు. తడి ఆకు, పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగితే గాలి అందదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బ్యాక్టీరియాకి కావలసింది అదే. వాసనలో తేడా కూడా తెలియకపోవచ్చు.

ఈసారి వెల్లుల్లి మానేశాను. ఆకుల్ని నలిపితే పొడయ్యేదాకా ఆరబెట్టి, పొడి సీసాలో నూనె పోసి, వారం తర్వాత వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. అక్కడ కొబ్బరినూనెలా గడ్డకట్టింది. కంగారక్కర్లేదు, బయట పెడితే కరిగిపోతుంది.

అత్తయ్య పెసరట్టు మీద వేసుకుని, "బాగానే ఉంది గానీ, నెయ్యేదే?" అంది.