నైబర్ లేచింది, మరి రూట్లేవి?

"అన్నా, నైబర్ లేచింది గానీ దేవరకొండల ఒక్క సైటూ ఓపెన్ అయితలేదు" అని ఫోన్ వస్తే, నల్గొండలో కూర్చున్నవాళ్లు ముందుగా అనుమానించేది ఫైబర్‌నే. నైబర్ అంటే బీజీపీ అనే ప్రోటోకాల్‌తో మన రౌటర్‌కు రూట్లు, అంటే ఏ నెట్‌వర్క్‌కు ఏ దారో, చెప్పే అవతలి రౌటర్. పింగ్‌కు జవాబు వస్తుంటే ఫైబర్ జోలికి వెళ్లకండి. రౌటర్‌లో షో ఐపీ బీజీపీ సమ్మరీ అనే కమాండ్ కొట్టి, State/PfxRcd కాలమ్ చూడండి. సెషన్ లేవకపోతే దాని స్థితి, లేస్తే వచ్చిన రూట్ల సంఖ్య అందులో కనపడుతుంది.

సమస్య: ఆ కాలమ్‌లో యాక్టివ్ అని ఉంది.
పేరు చూసి మోసపోవద్దు, సెషన్ ఇంకా లేవలేదు. టీసీపీ 179 పోర్టు మీద కనెక్షన్ కుదరడం లేదు. రెండు చివర్లా నైబర్ ఐపీ, రిమోట్ ఏఎస్ నంబరు (అవతలి నెట్‌వర్క్‌కు బీజీపీలో ఉండే గుర్తింపు నంబరు) సరిచూడండి. మధ్యలో యాక్సెస్ లిస్టు (ట్రాఫిక్‌ను వడగట్టే నిబంధనలు) 179ని ఆపుతోందేమో కూడా చూడండి. ఈబీజీపీని (వేర్వేరు ఏఎస్‌ల మధ్య నడిచే బీజీపీ) లూప్‌బ్యాక్‌ల (రౌటర్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్‌ల) మధ్య పెట్టుకుంటే రెండువైపులా అప్‌డేట్-సోర్స్ ఇవ్వాలి. ప్యాకెట్ టీటీఎల్ 1తో, అంటే ఒక్క అడుగు దూరానికే సరిపడేలా, బయల్దేరుతుంది కాబట్టి ఈబీజీపీ-మల్టీహాప్ కూడా కావాలి.

సమస్య: కాలమ్‌లో 0 ఉంది.
అసలు తలనొప్పి ఇదే. సెషన్ బాగానే ఉంది, రూట్లే లోపలికి రావడం లేదు. పదింట తొమ్మిదిసార్లు ప్రిఫిక్స్-లిస్టే, అంటే ఏ రూట్లను రానివ్వాలో (పర్మిట్), ఏవి ఆపాలో (డినై) చెప్పే లిస్టే కారణం. దేవరకొండ రౌటర్ 10.20.1.0/24, 10.20.2.0/24 పంపుతుంటే, ఇవతల పర్మిట్ 10.20.0.0/16 అని రాసి ఊరుకుంటారు. ఆ లైను సరిగ్గా /16కు మాత్రమే సరిపోతుంది. లిస్టు చివర కనపడని డినై ఒకటి ఉంటుంది, /24లన్నీ అక్కడ ఆగిపోతాయి. లైనును పర్మిట్ 10.20.0.0/16 ఎల్ఈ 24 (/16 నుంచి /24 వరకు అన్నీ) అని మార్చండి.

దీనికి ఇంకో రూపం కూడా ఉంది. ఒక్క రూటును ఆపుదామని ఒక్క డినై లైను రాసి వదిలేస్తారు. దాని కింద పర్మిట్ 0.0.0.0/0 ఎల్ఈ 32 లేకపోతే అన్ని రూట్లూ ఆగిపోతాయి.

ఫిల్టర్ మార్చాక ఆ ఒక్క నైబర్‌కే క్లియర్ ఐపీ బీజీపీ సాఫ్ట్ ఇన్ ఇవ్వండి. సాయంత్రం సీరియళ్ల వేళ నైబర్ బదులు స్టార్ (*, అంటే అందరూ) పెట్టి హార్డ్ క్లియర్ కొట్టారంటే సెషన్లన్నీ పడిపోతాయి, ఆ తర్వాత ఫోన్లు ఎత్తే పని మీదే.

రౌటర్ లైనక్స్ మీద నడిచే కొత్త ఎఫ్‌ఆర్‌ఆర్ (రౌటింగ్ సాఫ్ట్‌వేర్) అయితే అదే కాలమ్‌లో పాలసీ అని కనపడొచ్చు. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం, పాలసీ లేని ఈబీజీపీ నైబర్ రూట్లను తీసుకోదు, పంపదు. ఇన్, అవుట్ రెండింటికీ రూట్-మ్యాప్ (రూట్లకు వర్తించే పాలసీ నిబంధనలు) తగిలించండి.

సమస్య: ఓఎస్‌పీఎఫ్ (సొంత నెట్‌వర్క్ లోపల రూట్లు పంచుకునే ప్రోటోకాల్) నైబర్ ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగింది.
సాధారణంగా ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) తేడా. ఉదాహరణకు ఒక చివర 1500, ఇంకో చివర 9000 ఉంటుంది. రెండూ ఒకటి చేయండి. ఎంటీయూ-ఇగ్నోర్ పెడితే నైబర్ లేస్తుంది గానీ, పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతూనే ఉంటాయి.