పిక్కలో గడ్డ, రోజూ ఒక మాత్ర

ముందుగా తెలియవలసింది ఒకటుంది. రక్తం పలుచబరిచే మాత్ర కాలి రక్తనాళంలో కట్టిన రక్తపు గడ్డను కరిగించదు. గడ్డ ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా, ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తగ్గేలా కాపలా కాస్తుంది. కరిగించుకునే పని ఒంటిదే, అది నెమ్మదిగా జరుగుతుంది. అందుకే వాపు తీసిందని మాత్ర మానేయకూడదు. సాధారణంగా తక్కువలో తక్కువ మూడు నెలలు వాడమంటారు. కాలికి కట్టు వేయడం వల్లో, ఆపరేషన్ వల్లో వచ్చిన గడ్డయితే అక్కడితో ఆపేయవచ్చు. నాకు మాదిరిగా పైకి కారణమేదీ కనిపించకుండా రెండోసారి వస్తే మాత్రం ఏళ్ల తరబడి వాడాల్సి వస్తుంది.

నేను చెన్నైలో, వెస్ట్ మాంబళంలో జాకెట్లు కుడతాను. కాబట్టి నా సలహా టేపుతోనే మొదలవుతుంది. మోకాలి చిప్ప కింద చేతికి ఉబ్బెత్తుగా తగిలే ఎముక ఉంటుంది. అక్కడి నుంచి కిందికి 10 సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో చుక్క పెట్టండి. రెండు కాళ్లకూ అదే చోట, పొద్దున మంచం మీదే, టేపు బిగించకుండా, జారనివ్వకుండా చుట్టు కొలత తీసి రాసుకోండి. రెండు పిక్కల మధ్య 3 సెంటీమీటర్లకు మించిన తేడా ఉంటే డాక్టర్లు దాన్ని గడ్డకు ఒక సూచనగా లెక్కిస్తారు. అయితే ఒకసారి గడ్డ కట్టిన కాలు తర్వాత కూడా కాస్త లావుగానే ఉండిపోవచ్చు. మీ కాలికి మామూలు తేడా ఎంతో తెలిసి ఉంటే, కొత్తగా పెరిగింది వెంటనే దొరుకుతుంది. సాయంత్రం వాచి తెల్లారేసరికి తగ్గే వాపుకు నేను కంగారుపడను. రాత్రంతా పడుకున్నా తగ్గకపోతే, నొప్పి కొత్తగా మొదలైతే, లేదా రెండో కాలు వాస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించి రక్తనాళంలో రక్తం సాఫీగా పారుతోందా అని చూసే డాప్లర్ స్కానింగ్ గురించి అడగాలి.

వాచిన కాలు చూడగానే ఇంట్లో పెద్దవాళ్లు నరం పట్టిందని నువ్వుల నూనె వేడి చేస్తారు. దండం పెట్టి ఆపండి. కొత్త గడ్డ ఉన్న కాలిని మర్దన చేయకూడదు.

ఇక మాత్రల సంగతి. ఇవి రెండు రకాలు. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి పాత రకం. ఇవి వాడేవాళ్లు ఐఎన్‌ఆర్ అనే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది, కాలి గడ్డ ఉన్నవాళ్లకు 2కూ 3కూ మధ్య ఉంచుతారు. తగ్గితే గడ్డ భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. రివరొక్సబాన్, అపిక్సబాన్ లాంటివి కొత్త రకం. వీటికి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు గానీ, ఒంట్లో త్వరగా అరిగిపోతాయి కాబట్టి ఒక్క పూట మరిచినా రక్షణ తగ్గిపోతుంది. రివరొక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలను అన్నంతోపాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే పూర్తిగా ఒంటికి పట్టవు. ఏకాదశి ఉపవాసాలుండేవాళ్లు ఈ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. దేవుడు అర్థం చేసుకుంటాడు, మాత్ర అర్థం చేసుకోదు.

నాది అసిట్రోమ్. సాయంత్రం వేసుకుంటాను. పొద్దున ఇచ్చిన రక్తపరీక్ష ఫలితం మధ్యాహ్నానికి వస్తే, డాక్టరు మోతాదు మార్చినా ఆ రాత్రికే మార్చుకోవచ్చు. ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో రోజుకో కాగితం చించే క్యాలెండర్ ఉంటుంది కదా, అందరూ పొద్దున్నే చించుతారు. మా ఇంట్లో మాత్ర వేసుకున్నాకే చించుతాం. పడుకోబోయే ముందు గోడ మీద ఇంకా ఆ తారీఖే కనిపిస్తే మాత్ర మిగిలిపోయినట్టే. ఒక రోజుకు ఒక మోతాదు, మరుసటి రోజుకు మరొకటి రాసిస్తే, వారానికి సరిపడా కాగితాల మూల మీద ముందే రాసిపెట్టుకోండి. పాత రకం మాత్ర మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లారాక గుర్తొస్తే పోయింది పోయినట్టే వదిలేసి ఆ తేదీ రాసి ఉంచండి, తర్వాతి పరీక్షప్పుడు చెప్పండి. రెండు కలిపి మింగకూడదు.

పాత రకం వాడేవాళ్లను ఆకుకూరలు ముట్టుకోవద్దని భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుందన్నది నిజమే. కానీ చిక్కంతా హెచ్చుతగ్గులతోనే. వారానికి రెండుసార్లు తోటకూర పప్పు తినేవాళ్లు అలాగే తినండి, దానికి తగ్గట్టే డాక్టరు మోతాదు కుదురుస్తారు. కీరై, అంటే ఆకుకూరలు, అమ్మే ఆవిడ మునగాకు చవగ్గా ఇచ్చిందని వారమంతా అదే వండితే ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు. కట్టంత కొత్తిమీర రుబ్బి చేసిన పచ్చడి కూడా ఆకుకూర లెక్కే, ఈ సంగతి చాలామందికి తట్టదు. అదే జ్వరమో విరేచనాలో వచ్చి నాలుగు రోజులు సరిగ్గా తినకపోతే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. అలాంటప్పుడు మామూలు గడువు దాకా ఆగకుండా ముందే పరీక్ష చేయించుకోవాలి.

నన్నడిగితే అసలు ప్రమాదం వంటింట్లో కన్నా మెడికల్ షాపులో ఎక్కువ. ఒళ్లునొప్పులని చెప్పగానే “ఇది వేసుకోండక్కా” అని నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు. వాటిలో తరచుగా డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో ఉంటుంది. బ్లడ్ థిన్నర్‌తో ఇవి కలిస్తే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. నొప్పికీ జ్వరానికీ ఉత్త పారసిటమాల్ అడగండి, అదీ రోజుల తరబడి వద్దు. మెట్రోనిడజోల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్ ఐఎన్‌ఆర్‌ను పెంచేస్తాయి. ఏ కంపెనీదైనా సరే, గాఢమైన వాసన వచ్చే నొప్పి మలాముల్లో మిథైల్ సాలిసిలేట్ ఉంటే, రోజూ ఎక్కువగా పూసుకున్నా అదే జరుగుతుంది. పసుపు క్యాప్సూళ్లు, వెల్లుల్లి క్యాప్సూళ్లు కూడా అడగకుండా వద్దు. పోపులో వేసే వెల్లుల్లితో తగువు లేదు.

క్లినిక్‌లో తుంటికి సూది వేయబోతే ముందే చెప్పండి. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్‌తో లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా దంతవైద్యుడికి చెప్పాలే తప్ప సొంతంగా మాత్ర ఆపకూడదు. నా ఫోను కవరు వెనక ఒక చీటీ ఉంటుంది. మందు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నానో, మా ఆయన నంబరు అందులో ఇంగ్లిషులోనూ తమిళంలోనూ రాసి ఉన్నాయి. నాకు స్పృహ లేనప్పుడు వచ్చే 108 వాళ్లు తెలుగు చదవలేరు కదా.

ఆడవాళ్లకు రెండు మాటలు. నెలసరి రక్తస్రావం ఎక్కువైతే ఓర్చుకుని కూర్చోకుండా హిమోగ్లోబిన్ చూపించుకోండి. వ్రతమో పెళ్లో ఉందని నెలసరి వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు. ఆ హార్మోను మాత్రలు గడ్డ కట్టే ప్రమాదాన్ని పెంచగలవు. గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే వార్ఫరిన్, అసిట్రోమ్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

సూది గుచ్చుకోవడం మా పనిలో రోజూ ఉండేదే. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే చాలు. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి కాదు, ముందుకు వంచి మెత్తటి భాగం నొక్కాలి. ఇవి ఇంట్లో చూసుకునేవి. తారులా నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, తలకు బలమైన దెబ్బ, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు గుచ్చే ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం: వీటిలో ఏదున్నా ఆసుపత్రికే. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం కనిపించకపోయినా సరే.

కాలికి పని చెప్పాలి. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా రక్తం పైకి వెళుతుంది. మిషనుకు మోటారు పెట్టించుకోమని అందరూ అంటారు, నేను పెట్టించుకోలేదు, తొక్కుడు మిషనే నాకు మంచిది. అయినా గంటకోసారి లేచి గుండీల డబ్బా దాకా నడుస్తాను, కావాలనే దాన్ని అవతలి గదిలో పెట్టాను. మైలాపూరుకు జాకెట్లు ఇవ్వడానికి వెళితే లజ్‌లో నాగేశ్వరరావు పార్కు చుట్టూ తిరిగి వస్తాను. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కు.

బిగుతు మేజోళ్లను ఒకప్పుడు దాదాపు అందరికీ రాసేవారు. 800 మందికి పైగా రోగులను పరిశీలించి 2014లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, తర్వాత వచ్చే కాలి ఇబ్బందులను అవి ఆపినట్టు తేలలేదు. కాలి వాపు, కాలు బరువుగా అనిపించడం తగ్గి హాయిగా ఉంటుందనుకుంటే వేసుకోవచ్చు, కాలి ధమనులు బాగున్నాయని డాక్టరు చూశాకే. పొద్దున కాలు నేల మీద పెట్టకముందే తొడగాలి. మే నెలలో ఈ ఊరి ఉక్కకు నేను తీసి పక్కన పెట్టేస్తాను.

విజయవాడ వెళ్లాలంటే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో, లేచి నడవడానికి వీలుగా నడవా పక్క సీటు తీసుకోండి. రైలు మరుగుదొడ్డికి భయపడి నీళ్లు మానేయడం మనకు అలవాటు, అది వద్దు.

అక్టోబరు నుంచి వానలు. దోమలతోపాటు డెంగీ కూడా వస్తుంది. డెంగీలో రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి బ్లడ్ థిన్నర్ వాడేవాళ్లు జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి. 2015 డిసెంబరు వరదల్లో, 2023లో మిచాంగ్ తుపానులో వీధులు మునిగాయి. అందుకే వానలకు ముందే రెండు వారాలకు సరిపడా మాత్రలు, చీటీ నకలు కలిపి జిప్పు కవరులో పెట్టి పై అరలో ఉంచండి. కొనేటప్పుడు స్ట్రిప్పు మీద మిల్లీగ్రాములు చదవండి. అసిట్రోమ్ 1, 2, 4 మిల్లీగ్రాములవి పక్కపక్కనే దొరుకుతాయి, తొందరలో ఒకటి అడిగితే ఇంకొకటి చేతికొస్తుంది.