విండోస్ 98, ఎక్స్‌పీ రెండూ ఉన్న పాత సిస్టమ్‌లో గేమ్స్ స్లో అయ్యాయా, ఎక్కడ్నుంచి చూడాలో చెప్తా

మా నాన్న 2001లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఇప్పటికీ నా దగ్గర నడుస్తోంది. పెంటియం 3 866, ఇంటెల్ 815 బోర్డు, 256 ఎంబీ ర్యామ్, జీఫోర్స్2 ఎంఎక్స్ 400 కార్డు, 40 జీబీ హార్డ్ డిస్క్. సీ డ్రైవ్‌లో విండోస్ 98 ఎస్ఈ, డీలో ఎక్స్‌పీ, ఈలో గేమ్స్. పోయిన ఎండాకాలం సడన్‌గా గేమ్స్ అన్నీ ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. ఒక షాప్‌లో చూపిస్తే కవర్ కూడా విప్పకుండా పారెయ్యండి సార్ అన్నారు. పారెయ్యబుద్ధి కాలేదు, రెండు వారాలు కూర్చుని బాగుచేసుకున్నా. ఇలాంటి సిస్టమ్ మీ ఇంట్లో అటక మీద ఉంటే మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న. స్లో అవుతోంది 98లోనా, ఎక్స్‌పీలోనా, రెండిట్లోనా? డ్యుయల్ బూట్ (ఒకే సిస్టమ్‌లో రెండు విండోస్‌లు) ఉన్నోళ్లకి ఇది మస్తు పెద్ద అడ్వాంటేజ్, ఎందుకంటే హార్డ్‌వేర్ అదే, మారేది విండోస్ ఒక్కటే. రెండిట్లోనూ స్లో అయితే తప్పు దాదాపు హార్డ్‌వేర్‌దో, బయోస్‌దో (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) అయ్యుంటుంది, ఒక్కదాంట్లోనే ఐతే డ్రైవర్‌దో సెట్టింగ్‌దో. నేను ఈ ప్రశ్న వేసుకోకుండా మొదటి నాలుగు రోజులు ఎక్స్‌పీలో డ్రైవర్లు తీసి వేసి తీసి వేసి టైమ్ పోగొట్టుకున్నా, అసలు 98లో కూడా అంతే స్లోగా ఉందని చూడనేలేదు.

స్లో అని కంటితో చెప్తే సరిపోదు, నంబర్ కావాలి. క్వేక్ 3 ఉంటే అదే బెస్ట్. గేమ్‌లో ఎస్కేప్ కింద ఉన్న టిల్డే కీ కొడితే కన్సోల్ దిగుతుంది, టైమ్‌డెమో అని ఒకే పదంగా టైప్ చేసి స్పేస్ ఇచ్చి 1 కొట్టి ఎంటర్, తర్వాత డెమో స్పేస్ ఫోర్, ఫోర్ అనేది అక్షరాల్లో (ప్యాచ్ వెయ్యని పాత వెర్షన్‌లో ఐతే ఫోర్ బదులు డెమో001). డెమో అయిపోయాక సెకనుకి ఎన్ని ఫ్రేములో చూపిస్తుంది. రెండు విండోస్‌లలోనూ ఒకే రిజల్యూషన్ పెట్టి, తలా మూడుసార్లు రన్ చేసి ఒక కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం పారెయ్యకండి, ఇక్కడ్నుంచి ఏది మార్చినా ఒక్కటే మార్చి మళ్లీ కొలవాలి. రెండిటి మధ్య కొంచెం తేడా మామూలే, సగానికి సగం తేడా ఉంటే మాత్రం మామూలు కాదు.

సరే, రెండిట్లోనూ స్లో అనుకుందాం. ఆన్ చెయ్యగానే వచ్చే నల్ల స్క్రీన్ దగ్గర పాజ్ కీ కొట్టి ప్రాసెసర్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చదవండి. నా దాంట్లో 866 బదులు 650 అని ఉంది! సంగతేంటంటే 866 అంటే 133 ఎఫ్ఎస్‌బీ (ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య ఉండే దారి స్పీడ్) ఇంటూ 6.5. మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోతే బయోస్ సెట్టింగులు పోతాయి, నా బోర్డు ఎఫ్ఎస్‌బీని 100కి దించేసుకుంది, 6.5 ఇంటూ 100 అంటే 650. దాంతో పాటు ర్యామ్ స్పీడ్ కూడా 133 నుంచి 100కి పడింది, అంటే దెబ్బ రెండు వైపులా. అథ్లాన్ ఎక్స్‌పీ 2000 ప్లస్ ఉన్నోళ్లకి ఇదే జరిగితే 1667 బదులు 1250 కనిపిస్తుంది. డేట్ ప్రతిసారీ పాత సంవత్సరానికి పోతోందంటే బ్యాటరీ అయిపోయినట్టే. ఈ బ్యాటరీ గడియారాల షాప్‌లో కూడా దొరుకుతుంది. వేశాక బయోస్‌లోకి వెళ్లి ఎఫ్ఎస్‌బీ సరి చెయ్యండి, అక్కడే ఎల్1, ఎల్2 క్యాష్ (ప్రాసెసర్ సొంత స్పీడ్ మెమరీ) ఎనేబుల్‌లో ఉన్నాయా చూడండి, అవి డిజేబుల్ అయితే గేమ్ సంగతి దేవుడెరుగు, విండోస్ లోడ్ అవ్వడానికే టీ తాగి రావచ్చు.

తర్వాత వేడి. మే నెలలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, పై అంతస్తులో ఫ్యాన్ గాలి కూడా వేడిగానే ఉంటుంది, ఇక క్యాబినెట్ లోపల ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇక్కడ ప్రాసెసర్‌ని బట్టి లక్షణం మారుతుంది, ఇది తెలుసుకోవాలి. పెంటియం 4కి వేడెక్కితే తనంతట తనే స్పీడ్ తగ్గించుకునే ఏర్పాటు ఉంది, అందుకే మొదటి పది నిమిషాలు గేమ్ బాగా ఆడి తర్వాత జెర్క్స్ మొదలైతే అనుమానం వేడి మీదే పెట్టుకోవాలి. పెంటియం 3 అలా స్పీడ్ తగ్గించుకోదు, హ్యాంగ్ అవుతుంది లేదా ఆగిపోతుంది. గేమ్ స్లో అవ్వగానే రీస్టార్ట్ కొట్టి బయోస్‌లో పీసీ హెల్త్ అనే పేజీలో టెంపరేచర్ చూడండి, 70 దగ్గర ఉంటే హీట్‌సింక్ తియ్యాల్సిందే.

తీసేటప్పుడు మెల్లగా. నా 866 లాంటి కాపర్‌మైన్ పెంటియం 3లకి పైన మెటల్ మూత ఉండదు, చిప్ బయటికే కనబడుతుంది, క్లిప్ తీసేటప్పుడు హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగితే చిప్ మూల విరిగిపోతుంది, ఇక ఏం చెయ్యలేం. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీద సన్నటి లైన్లు తెగుతాయి. పాత పేస్ట్ ఎండిపోయి సున్నంలా ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బట్టతో తుడిచి కొత్త పేస్ట్ బియ్యం గింజంత పెడితే చాలు. దుమ్ముకి పెయింటింగ్ బ్రష్ వాడండి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకోండి. గ్రాఫిక్స్ కార్డు మీద చిన్న ఫ్యాన్ ఉంటే అది తిరుగుతోందో లేదో కూడా చూడండి.

కవర్ విప్పినప్పుడే ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా నిలబడి ఉన్న కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా అవి పోయినట్టే. 2000 తర్వాత కొన్నేళ్లు తయారైన బోర్డుల్లో ఈ సమస్య బాగా ఎక్కువ. వీటివల్ల ఊరికే స్లో అవ్వడం కంటే గేమ్ మధ్యలో రీస్టార్ట్ అవ్వడం, బ్లూ స్క్రీన్ రావడం ఎక్కువ. కోఠి గుజరాతీ గల్లీలో 105 డిగ్రీల, లో-ఈఎస్ఆర్ (low ESR) రకం అని అడిగి తెచ్చుకోండి, మైక్రోఫారడ్ పాతదానంతే ఉండాలి, వోల్టేజ్ పాతదానికి సమానంగా గానీ ఎక్కువ గానీ ఉండాలి. సోల్డరింగ్ రాకపోతే వచ్చినోళ్లకి ఇవ్వండి, బోర్డు మీద నేర్చుకోవద్దు.

ఇప్పుడు ఎక్స్‌పీలో మాత్రమే స్లో ఐతే. ముందు ర్యామ్. ఎక్స్‌పీ 128 ఎంబీలో లేస్తుంది గానీ సర్వీస్ ప్యాక్ వేసి యాంటీవైరస్ పెట్టాక గేమ్‌కి ఏం మిగలదు. ఆడుతుంటే హార్డ్ డిస్క్ లైట్ ఆరకుండా వెలుగుతూ ఉంటే ర్యామ్ చాల్లేదని అర్థం. 815 బోర్డు 512 దాకా తీసుకుంటుంది, పీసీ133 ఎస్‌డీర్యామ్ స్టిక్స్ కోసం నేను ఎర్రగడ్డ ఆదివారం మార్కెట్‌లో రెండుసార్లు తిరిగి తెచ్చుకున్నా, పనిచేస్తాయో లేదో ఇంటికొచ్చాకే తెలుస్తుంది, అందుకే ఒకటి ఎక్స్‌ట్రా తీసుకోవడం నయం.

ర్యామ్ సరిపోయినా స్లో ఐతే ఇంకో దొంగ ఉన్నాడు, ఇది చాలామందికి తెలీదు. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్స్ కింద ప్రైమరీ ఐడీఈ ఛానల్ ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర అల్ట్రా డీఎంఏ (ప్రాసెసర్ మొయ్యకుండా డేటా నేరుగా ర్యామ్‌కి వెళ్లే పద్ధతి) అని ఉండాలి. పీఐఓ అని ఉంటే దొరికాడు. డిస్క్ నుంచి చదివేటప్పుడు ఆరుసార్లు ఎర్రర్ వస్తే ఎక్స్‌పీ ఒక మెట్టు స్పీడ్ తగ్గిస్తుంది, మళ్లీ ఎర్రర్లు వస్తే ఇంకో మెట్టు, అలా దిగి దిగి పీఐఓకి పడిపోతుంది, మళ్లీ తనంతట తను పైకి ఎక్కదు. పీఐఓలో ప్రతి బైటూ ప్రాసెసర్ మోసుకురావాలి, గేమ్ మధ్యలో కొత్త ఏరియా లోడ్ అయిన ప్రతిసారీ బొమ్మ ఆగిపోతుంది, సౌండ్ గీసుకుపోతుంది. ఆ ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చెయ్యండి, ఎక్స్‌పీ మళ్లీ కొత్తగా గుర్తుపట్టి డీఎంఏ పెడుతుంది.

కానీ వారంలో మళ్లీ పడిపోతే కేబుల్ చూడాలి. అల్ట్రా డీఎంఏ 66 స్పీడ్‌కి, దాని పైకి 80 తీగల కేబుల్ కావాలి, 40 తీగలది కుదరదు, పిన్నులు రెండిట్లో 40యే కాబట్టి కనెక్టర్ చూసి మోసపోతాం, తీగలు సన్నగా దగ్గరదగ్గరగా ఉంటే అది 80ది. నీలం కనెక్టర్ మదర్‌బోర్డుకి, నలుపు మాస్టర్‌కి (మొదటి డ్రైవ్), బూడిద రంగు స్లేవ్‌కి (రెండోది). కేబుల్ మార్చినా అంతే ఐతే డిస్కే పోతోంది, ముందు ఫోటోలూ సేవ్ ఫైల్స్ కాపీ చేస్కోండి, తర్వాతే మిగతావి. సెకండరీ ఛానల్ కూడా చూడండి, గీతలు పడ్డ గేమ్ సీడీ పెట్టి పెట్టి సీడీ డ్రైవ్ పీఐఓకి పడితే, గేమ్ సీడీని తడిమినప్పుడల్లా సిస్టమ్ మొత్తం జర ఆగుతుంది.

గేమ్స్ ఉన్న E: డ్రైవ్‌కి ఎక్స్‌పీలో సిస్టమ్ రీస్టోర్ ఆఫ్ చెయ్యండి. యాంటీవైరస్ నా అభిప్రాయంలో తీసేయొచ్చు, కానీ ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. 98కి సపోర్ట్ 2006లో, ఎక్స్‌పీకి 2014లో ఆగిపోయింది, నెట్‌కి కనెక్ట్ చేస్తే యాంటీవైరస్ ఉన్నా కాపాడలేదు. ఫైల్స్ సీడీలో రాసి ఎక్కించుకోండి.

98లో మాత్రమే స్లో ఐతే కథ వేరే. 98 ఎస్ఈ వచ్చింది 1999లో, 815 చిప్‌సెట్ వచ్చింది 2000లో, అంటే ఆ బోర్డు ఏంటో 98కి తెలియనే తెలియదు. అందుకే చిప్‌సెట్ డ్రైవర్ చేత్తో వెయ్యాలి, ఇంటెల్‌కి ఐఎన్ఎఫ్ యుటిలిటీ, వయా కంపెనీ చిప్‌సెట్ ఉన్న బోర్డుకి 4ఇన్1. ముందు చిప్‌సెట్‌ది, తర్వాత డైరెక్ట్ఎక్స్, తర్వాత గ్రాఫిక్స్ కార్డుది, చివర్న సౌండ్ కార్డుది. చిప్‌సెట్ డ్రైవర్ లేకపోతే ఏజీపీ (గ్రాఫిక్స్ కోసమే ఉండే స్పీడ్ స్లాట్) కార్డు ఉన్నా మామూలు పీసీఐ కార్డులా నడుస్తుంది. రన్‌లో డీఎక్స్‌డయాగ్ కొట్టి డిస్‌ప్లే ట్యాబ్‌లో ఏజీపీ టెక్స్చర్ యాక్సిలరేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తదే మంచిది అనుకోకండి, ఎన్విడియా పాత కార్డులకి 45.23 లాంటి 2003 నాటి డ్రైవర్ నాకు చివరి వెర్షన్ల కన్నా బాగా పనిచేసింది.

98లో డీఎంఏ టిక్ వేరే చోట ఉంటుంది, డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్క్ ప్రాపర్టీస్, సెట్టింగ్స్ ట్యాబ్. సిస్టమ్ ప్రాపర్టీస్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఎంఎస్ డాస్ కంపాటిబిలిటీ మోడ్ అన్న మాట కనబడితే డిస్క్‌కి సరైన డ్రైవర్ పడలేదని అర్థం, ఐడీఈ డ్రైవర్ సంగతి ముందు చూడండి. 512 ఎంబీ కన్నా ఎక్కువ ర్యామ్ వేసినోళ్లకి 98 గొడవ చేస్తుంది, సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో వీక్యాష్ సెక్షన్ కింద మ్యాక్స్ ఫైల్ క్యాష్ అని ఇంగ్లీషులో స్పేస్ లేకుండా రాసి ఈక్వల్ టు 262144 పెట్టండి.

తప్పు గ్రాఫిక్స్ కార్డుదా ప్రాసెసర్‌దా తెలియకపోతే రిజల్యూషన్ 1024 నుంచి 640కి దించి మళ్లీ కొలవండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు చాల్లేదు, అస్సలు పెరక్కపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. అప్పుడు గేమ్‌లో సౌండ్ మొత్తం ఆఫ్ చేసి ఒకసారి రన్ చెయ్యండి, బోర్డు మీద వచ్చే ఏసీ97 సౌండ్ పని ప్రాసెసరే చేస్తుంది కాబట్టి తేడా కనిపిస్తే ఒక పాత పీసీఐ సౌండ్ కార్డు వేసుకోవచ్చు.

కొన్నిసార్లు అసలు తప్పే ఉండదు. జీటీఏ వైస్ సిటీ గేమ్‌లో డిస్‌ప్లే సెటప్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లో ఉంటే 30 దాటి పోదు, ఎంత మంచి సిస్టమ్ ఐనా. వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ రిఫ్రెష్‌తో జతకలిపే సెట్టింగ్) ఆన్‌లో ఉండి కార్డు 60 అందుకోలేకపోతే చాలా గేమ్స్ నేరుగా 30కి దూకేస్తాయి, ఆఫ్ చేసి చూడండి. అలాగే వైస్ సిటీ బాక్స్ మీద కనీసం 800 మెగాహెర్ట్జ్, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ కార్డు అని ఉంటుంది, నా 866 దానికి ఒక్క మెట్టు పైనే, 650కి పడిపోయినప్పుడు మెట్టు కిందికి పోయింది. బ్యాటరీ మార్చి 133 పెట్టాక మళ్లీ ఆ గేమ్‌లోని ఓషన్ డ్రైవ్ రోడ్డు మీద బండి నడపగలుగుతున్నా.

ఒక్క జాగ్రత్త మాత్రం, ఇది డ్యుయల్ బూట్ ఉన్నోళ్లకే. ఎక్స్‌పీని హైబర్నేట్ చేసి 98లోకి వెళ్లొద్దు. ఎక్స్‌పీ డిస్క్ ఎలా ఉండేదో గుర్తుపెట్టుకుని నిద్రపోతుంది, మీరు 98లో గేమ్ ఆడి సేవ్ చేస్తే డిస్క్ మారిపోతుంది, లేచాక ఎక్స్‌పీ పాత లెక్క ప్రకారం రాసేస్తే E: డ్రైవ్ ఫైల్స్ చెడిపోతాయి. మా తమ్ముడు ఇలాగే చేసి రెండేళ్ల సేవ్ గేమ్స్ పోగొట్టాడు, పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేషన్ టిక్ అప్పుడే తీసేశా, మీరూ ఈరోజే తీసెయ్యండి.