తక్కువ బడ్జెట్ పీసీ ఓవర్‌క్లాకింగ్: చెన్నై ఎండలో ఎంతవరకు లాగొచ్చు?

అసలు నా పీసీకి ఓవర్‌క్లాక్ కుదురుతుందా?

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్, ర్యామ్ లాంటివాటిని మామూలుగా నడిచే దానికంటే ఎక్కువ స్పీడుతో నడపడం. ముందు ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు చిప్‌సెట్ (బీ450 లాంటి బోర్డు రకం) పేరు చూసుకోండి. సగం మందికి జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంటెల్‌లో పేరు చివర కె లేని చిప్‌కి మల్టిప్లయర్ (స్పీడుని నిర్ణయించే అంకె) లాక్ అయి ఉంటుంది. ఐ3-12100ఎఫ్ లాంటివి తీసుకున్నవాళ్లు ప్రాసెసర్ జోలికి పోకుండా ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు చూసుకోవడం మంచిది. కె చిప్ ఉన్నా దానికి జెడ్ సిరీస్ బోర్డు కావాలి. ఏఎండీ రైజెన్‌లు చాలావరకు అన్‌లాక్ అయ్యే వస్తాయి, కానీ బోర్డు ఏ320 గానీ ఏ520 గానీ అయితే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. బీ450, బీ550 అయితే ఉంటుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ బోర్డు బేరమాడుతుంటే అట్టపెట్టె మీద రాసింది నమ్మొద్దు, బోర్డు మీద ముద్రించిన మోడల్ నంబరు చదవండి.

ఇక్కడి నుంచి ఉదాహరణకి రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు అనుకుందాం.

మొదట ఏది మార్చాలి?

ర్యామ్. 3200 అని రాసున్న డీడీఆర్4 స్టిక్ కూడా పెట్టగానే 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే కనిపిస్తుంది. స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పీసీ ఆన్ అవుతుండగా డెల్ కీ నొక్కి బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, స్టిక్‌ని దాని మీద రాసున్న స్పీడుకి తెచ్చే ఎక్స్ఎంపీ ఆన్ చేయండి (ఆసుస్ ఏఎండీ బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు). వోల్టేజీ దానంతటదే 1.35కి వెళ్తుంది, అది ఆ స్టిక్‌కి మామూలే. తర్వాత రాత్రి పడుకునే ముందు పెన్‌డ్రైవ్ నుంచి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క, వెంటనే 2933కి దించండి. నిలకడ లేని ర్యామ్ చప్పుడు లేకుండా ఫైళ్లను పాడుచేస్తుంది కాబట్టి ముఖ్యమైనవి ముందే బ్యాకప్ తీసి ఉంచాలి.

వేడి సంగతేంటి?

ఇక్కడ అసలు సమస్య ఇదే. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర లోడ్ పెడితే 78 చూపించిన చిప్, మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో 89కి చేరుతుంది. 5600కి కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితి 90. అది దగ్గరపడితే చిప్ స్పీడు తానే తగ్గించుకుంటుంది. అందుకే టెస్టులు ఏసీ ఆపి, మధ్యాహ్నం పూట, క్యాబినెట్ మూత బిగించి చేయాలి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే సినీబెంచ్ ఆర్23ని 10 నిమిషాలు నడపండి. ఏ మార్పూ చేయకముందే 85 దాటుతుంటే ముందు దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్టు మార్చి, వెనకవైపు ఒక 120 ఎంఎం ఫ్యాన్ పెట్టండి.

కూలర్ తీసేటప్పుడు ఏఎం4 సాకెట్ (5600 లాంటి రైజెన్‌లది) వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పేస్టు ఎండిపోయి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీని 10 నిమిషాలు లోడ్‌లో నడిపి వేడెక్కించి, ఆపేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి అప్పుడు పైకి లేపండి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించాలి.

ప్రాసెసర్ స్పీడు ఎలా పెంచాలి?

చాలామంది అన్ని కోర్లనూ ఒకే స్పీడు దగ్గర కట్టేసి, వోల్టేజీ ఎక్కిస్తారు. బడ్జెట్ కూలర్‌తో అది దండగ పని. స్పీడు 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే కరెంటు ఖర్చు, దాంతో వేడి 33 శాతం దాకా పెరుగుతాయి, ఎందుకంటే వోల్టేజీ ప్రభావం వర్గంలో ఉంటుంది.

రైజెన్ 5000 సిరీస్‌లో దీనికి తిరగేసిన దారి ఉంది, అదే కర్వ్ ఆప్టిమైజర్. వోల్టేజీ తగ్గిస్తే అదే 76 వాట్ల పరిమితిలో చిప్ తనంతట తానే ఎక్కువ స్పీడు నిలుపుకుంటుంది. బయాస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, అడ్వాన్స్‌డ్ వరుసలో వెళ్లి, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10 అని పెట్టండి. మిగతావన్నీ ఆటోలోనే ఉండనివ్వండి. పాత బయాస్ అయితే ఈ మెనూ కనిపించకపోవచ్చు. 3600 లాంటి చిప్‌లకు అసలు ఉండదు.

సినీబెంచ్ పాసయింది కదా అని సంబరపడొద్దు. వోల్టేజీ చాలక వచ్చే క్రాష్‌లు పెద్ద లోడ్‌లో కంటే, బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువ, ఎందుకంటే ఒక్క కోరే అత్యధిక స్పీడుకి ఎగిరేది అప్పుడే. కోర్‌సైక్లర్ అనే ఉచిత టూల్ ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షిస్తుంది, రాత్రంతా నడపండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచినప్పుడు డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అని (హార్డ్‌వేర్) ఎర్రర్లు కనిపిస్తే ఆ అంకెని 5 తగ్గించాలి. అంతా బాగుంటే 15, ఆపైన 20 ప్రయత్నించండి. గరిష్ఠం 30, కానీ మొత్తం కోర్లన్నీ అక్కడ నిలబడతాయని ఆశ పెట్టుకోవద్దు.

స్క్రీన్ నల్లగా ఉండిపోతే?

రెండు నిమిషాలు ఆగండి. చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి వాటంతటవే పాత సెట్టింగులకు వస్తాయి. రాకపోతే ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, బోర్డు మీద సీఎల్ఆర్‌టీసీ గానీ జేబ్యాట్1 గానీ అని రాసున్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో 10 సెకన్లు కలపండి, బయాస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. కాయిన్ సెల్ కొన్ని నిమిషాలు తీసి పెట్టినా అదే ఫలితం. అప్పటికీ లేవకపోతే ర్యామ్ తీసి కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉప్పుగాలికి అవి మసకబారడం కొత్తేమీ కాదు.

గ్రాఫిక్స్ కార్డు?

సులువు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే టూల్‌లో కోర్ స్పీడు 25 మెగాహెర్ట్జ్ చొప్పున, మెమరీ 100 చొప్పున పెంచుతూ టెస్టు చేయండి. చుక్కలు, గీతలు కనిపించినా, స్కోరు తగ్గినా ఒక మెట్టు దిగండి. విండోస్‌తో పాటే అప్లై అయ్యే ఆప్షన్ మాత్రం వారం నిలకడగా ఆడాకే పెట్టాలి.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పవర్ సప్లై ఉన్నవాళ్లు పైవేవీ మొదలుపెట్టకుండా ముందు దాన్ని మార్చండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదు. బయాస్ అప్‌డేట్ యూపీఎస్ మీదే చేయండి. చేశాక మీరు పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి, ఎక్స్ఎంపీతో సహా, కాబట్టి ప్రతి పేజీనీ ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.